విప్పగలిగిన పెట్టె, మోయగలిగిన పెట్టె

1977లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన యాపిల్-2 కంప్యూటర్ పైమూతను తీయడానికి స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. చేత్తో పట్టి లాగితే ఊడి వచ్చేది. లోపల ఎనిమిది స్లాట్లు. కొన్నవాళ్లు తమకు కావలసిన కార్డు తెచ్చి అందులో పెట్టుకోవచ్చు. రెండు స్లాట్లు చాలని స్టీవ్ జాబ్స్ అంటే, ఎనిమిదీ ఉండాల్సిందేనని స్టీవ్ వోజ్నియాక్ పట్టుబట్టాడు. ఆయన మాటే నెగ్గింది. ఏడేళ్లు తిరిగేసరికి అదే కంపెనీ మెకింటాష్‌ను తెచ్చింది. దాన్ని విప్పాలంటే నక్షత్రపు మొన ఉన్న పొడవాటి టార్క్స్ డ్రైవర్ కావాలి. విప్పినా లోపల స్లాట్ ఒక్కటీ లేదు.

ల్యాప్‌టాప్ కొనాలా, డెస్క్‌టాప్ కొనాలా అని ఎవరైనా అడిగితే ధర, బరువు, బ్యాటరీ గురించి మాట్లాడతాం. అవి ముఖ్యమే. కానీ ఈ రెండు యంత్రాల చరిత్రను మొదటి నుంచి చూస్తూ వస్తే ఇంకో ప్రశ్న అడుగడుగునా ఎదురవుతుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్లు దాన్ని విప్పుకోగలరా? పాడైన భాగం మార్చుకోగలరా? రెండేళ్ల తర్వాత అవసరం పెరిగితే దాని శక్తినీ పెంచుకోగలరా?

డెస్క్‌టాప్‌కు ఈ విషయంలో మేలు చేసింది ఐబీఎం తొందర. 1981 ఆగస్టు 12న ఐబీఎం పీసీ విడుదలైంది. ఫ్లోరిడాలోని బోకా రటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాన్ని ఏడాది గడువులో తయారుచేసింది. అన్నీ సొంతంగా తయారుచేసుకునేంత వ్యవధి లేదు గనుక ప్రాసెసర్ ఇంటెల్ దగ్గర, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ దగ్గర, మిగిలినవి బజారులో దొరికేవి తీసుకున్నారు. ఐదు స్లాట్లు పెట్టారు. సర్క్యూట్ చిత్రాలతో సహా టెక్నికల్ రిఫరెన్స్ మాన్యువల్ అచ్చువేసి అమ్మారు. దాంతో ఆ యంత్రానికి సరిపడే కార్డులూ డిస్కులూ ఎవరైనా తయారుచేయగలిగారు. తర్వాత యంత్రాన్నే తయారుచేయడం మొదలుపెట్టారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల ప్రమాణం ప్రకటించింది. మదర్‌బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడ ఉండాలో, కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ ఏ కొలతలో ఉండాలో అది చెబుతుంది. ముప్పై ఏళ్ల తర్వాత కూడా బజారులో దొరికే చాలా కేబినెట్లు ఆ కొలతలే పాటిస్తున్నాయి. ల్యాప్‌టాప్ మదర్‌బోర్డుకు అలాంటి ఉమ్మడి కొలత ఈనాటికీ రాలేదు. ఒక కంపెనీ మదర్‌బోర్డు ఇంకో కంపెనీ యంత్రంలో పట్టదు సరికదా, అదే కంపెనీ నిరుటి మోడల్‌లో కూడా పట్టకపోవచ్చు.

వెంట తీసుకెళ్లే కంప్యూటర్ కూడా డెస్క్‌టాప్ వయసుదే. 1972లో అలన్ కే అనే శాస్త్రవేత్త పిల్లలు పుస్తకంలా పట్టుకెళ్లగల 'డైనాబుక్' గురించి రాశాడు. అది ఊహగానే మిగిలింది. 1975లో ఐబీఎం తెచ్చిన 5100ను పోర్టబుల్ అని పిలిచారు గానీ, దాని బరువు సుమారు 25 కిలోలు. మామూలు మనుషులు కొనగలిగిన మొదటి మోత కంప్యూటర్ 1981 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో కనిపించింది. పేరు ఆస్‌బర్న్ 1.

దీన్ని తెచ్చిన ఆడమ్ ఆస్‌బర్న్ కథ తెలుగు పాఠకులకు చేరువగా వస్తుంది. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్‌బర్న్ రమణ మహర్షి భక్తుడు, మహర్షి జీవిత చరిత్ర రాసినవాడు. 1939లో బ్యాంకాక్‌లో పుట్టిన ఆడమ్ బాల్యం చాలావరకు తిరువణ్ణామలైలో, అంటే రచయిత చలం వల్ల మనకు పరిచయమైన అరుణాచలంలో గడిచింది. చివరికి 2003లో ఆయన కన్నుమూసింది కూడా తమిళనాడులోనే, కొడైకెనాల్‌లో. అమెరికాలో ఆయన కంప్యూటర్ పుస్తకాలు రాసి, ప్రచురించి, పత్రికల్లో కంపెనీలను విమర్శించి, ఆ తర్వాత తానే యంత్రం తయారీకి దిగాడు.

ఆస్‌బర్న్ 1 మూత పెడితే కుట్టుమిషను పెట్టెలా ఉండేది. బరువు సుమారు 11 కిలోలు. మూతే కీబోర్డు. దాన్ని దించితే రెండు ఫ్లాపీ డ్రైవుల మధ్య 5 అంగుళాల తెర, అందులో వరుసకు 52 అక్షరాలు. పూర్తి వరుస చూడాలంటే తెరను పక్కకు జరుపుకోవాలి. బ్యాటరీ లేదు, గోడకున్న ప్లగ్ కావాల్సిందే. ధర 1,795 డాలర్లు. వర్డ్‌స్టార్, సూపర్‌క్యాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్ అదే ధరలో ఇచ్చారు. విమానంలో సీటు కిందికి తోయగలిగే కంప్యూటర్ కోసం జనం ఎంతగా ఎదురుచూస్తున్నారో దాని అమ్మకాలు చెప్పాయి. అయినా 1983 సెప్టెంబరుకల్లా కంపెనీ దివాలా తీసింది. ఆ ఏడాదే మార్కెట్‌లోకి దిగిన కాంపాక్ పోర్టబుల్ మొదటి సంవత్సరంలోనే 53,000 అమ్ముడుపోయింది. బరువు 13 కిలోల దాకా ఉన్నా అది ఐబీఎం పీసీ సాఫ్ట్‌వేర్‌ను నడిపింది. లోపల ఐబీఎం కార్డులు పట్టే స్లాట్లూ ఉన్నాయి. మోయగలగడం, విప్పగలగడం ఒకే పెట్టెలో ఇమిడాయని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

ఇప్పుడు మనం వాడే ఆకారం, అంటే తెర మడిచి కీబోర్డు మీదికి మూసే పద్ధతి, 1982లో గ్రిడ్ కంపాస్‌తో వచ్చింది. దాన్ని రూపొందించింది బిల్ మాగ్రిడ్జ్ అనే బ్రిటిష్ డిజైనర్. మెగ్నీషియం మిశ్రమపు ఒళ్లు, నారింజ రంగు అక్షరాలు, ధర 8,150 డాలర్లు. నాసా దాన్ని స్పేస్ షటిల్‌లో తీసుకెళ్లింది. 1985లో జపాన్ కంపెనీ తోషిబా తెచ్చిన టీ1100 సుమారు 4 కిలోలుండేది. ఎల్‌సీడీ తెర, లోపలే చార్జింగ్ బ్యాటరీ. ఐబీఎం పీసీ పనులు బ్యాటరీ మీద జరిగిపోయాయి. వ్యాపార ప్రయాణికులకు అంతకు మించి అక్కర్లేకపోయింది.

అప్పటికీ కీబోర్డు యంత్రం ముందంచునే ఉండేది. టైపు చేస్తున్నంతసేపూ మణికట్లు గాలిలో వేలాడాల్సిందే. 1991 అక్టోబరులో యాపిల్ పవర్‌బుక్ కీబోర్డును తెర వైపు వెనక్కి నెట్టి, ముందు చేతులు ఆనించుకునే చోటు వదిలింది. మధ్యలో ట్రాక్‌బాల్ పెట్టింది. తర్వాత ఆ చోటికి టచ్‌ప్యాడ్ వచ్చింది. ఈరోజు దాదాపు ఏ ల్యాప్‌టాప్ తెరిచి చూసినా ఆ అమరికే. అదే ఏడాది సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్‌లోకి తెచ్చింది. రెండేళ్ల ముందు వచ్చిన మెకింటాష్ పోర్టబుల్‌లో లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే కారు బ్యాటరీ జాతిది, వాడారు. ఆ యంత్రం 7 కిలోల పైన తూగింది. లిథియం రాకపోతే ల్యాప్‌టాప్ ఇంత తేలికయ్యేది కాదు. ఆ బ్యాటరీ వెనకున్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కడం న్యాయం.

మన దగ్గర ఈ కథ వేరే దారిలో నడిచింది. 1990ల చివర్లో హైదరాబాద్‌లో కంప్యూటర్ అంటే అసెంబుల్డ్ డెస్క్‌టాప్. కొనాలంటే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరి నోట సీటీసీకి, వెళ్లాల్సి వచ్చేది. నాలుగు దుకాణాలు తిరిగి కొటేషన్లు రాయించుకుని, ప్రాసెసర్ ఒకచోట, మానిటర్ ఇంకోచోట బేరమాడి కొనేవాళ్లు. కౌంటరు మీదే పని జరిగేది. కుర్రాడు సాకెట్ మీటను లేపి ప్రాసెసర్‌ను పెట్టి, మీటను నొక్కి, పైన పేస్ట్ రాసి ఫ్యాన్ బిగిస్తాడు. ర్యామ్‌ను రెండు బొటనవేళ్లతో నొక్కితే పక్క క్లిప్పులు టక్కున పడతాయి. ఎస్‌ఎంపీఎస్ తీగలు కలిపి స్విచ్ వేస్తాడు. ఒక్క బీప్ వస్తే అంతా సరిగా ఉన్నట్టు. మూడు వస్తే ర్యామ్ తీసి, అంచును రబ్బరుతో తుడిచి మళ్లీ పెడతాడు. అలా చూస్తూ నిలబడిన ఇంటర్ పిల్లలు ఎందరో హార్డ్‌వేర్ నేర్చుకున్నారు. అమీర్‌పేట కోర్సులు సాఫ్ట్‌వేర్ నేర్పితే, సీటీసీ కౌంటర్లు యంత్రాన్నే నేర్పాయి. ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు గానీ, జిల్లా కేంద్రాల్లో సర్వీసు షాపులు పెట్టి కుటుంబాలను పోషించుకున్నవాళ్లు ఆ బడిలోంచే వచ్చారు.

డీటీపీ సెంటర్లు కూడా డెస్క్‌టాప్ బిడ్డలే. పెళ్లి శుభలేఖ, కరపత్రం, కవితా సంపుటి, అన్నీ 'అను' తెలుగు ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో తయారయ్యేవి. పేజ్‌మేకర్ చివరి ప్రధాన వెర్షన్ 2001లో వచ్చి ఆగిపోయింది. అయినా పాత విండోస్ మీద దాన్ని నడుపుకుంటున్న డెస్క్‌టాప్‌లు నేటికీ కనిపిస్తాయి. హార్డ్ డిస్క్ పోతే డిస్క్, ఎస్‌ఎంపీఎస్ కాలితే ఎస్‌ఎంపీఎస్, పోయింది పోయినట్టు మార్చుకుంటూ వచ్చారు గనుకే అవి బతికాయి. కరెంటు కోతల వేసవుల్లో మాత్రం ఆ యంత్రాలు మనుషుల్ని బాగా ఏడిపించాయి. యూపీఎస్ ఇచ్చే పది పదిహేను నిమిషాల్లో ఫైల్ సేవ్ చేసి ఆపేయడమే పని.

ల్యాప్‌టాప్ మన ఇళ్లలోకి సూట్‌కేసుల్లో వచ్చింది. దీని వెనక ఒక కస్టమ్స్ నిబంధన ఉంది. విదేశాల నుంచి వచ్చే 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. డెస్క్‌టాప్‌కు ఆ మినహాయింపు లేదు. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు సెలవులకు వస్తూ తమ్ముడికో బావమరిదికో ఒకటి పట్టుకొచ్చేవాళ్లు.

ప్రపంచంలో పోటీని తేల్చింది 2003 మార్చిలో ఇంటెల్ తెచ్చిన సెంట్రినో. అందులోని పెంటియం ఎం ప్రాసెసర్‌ను ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం తక్కువ కరెంటు కోసమే రూపొందించింది. దానికి వైఫై జతచేశారు. 2008 మూడో త్రైమాసికంలో ప్రపంచవ్యాప్తంగా ల్యాప్‌టాప్‌ల సరఫరా తొలిసారి డెస్క్‌టాప్‌లను దాటింది.

ఆ రోజుల ల్యాప్‌టాప్‌ను తిరగేస్తే అడుగున రెండు గొళ్లాలు కనిపించేవి. జరిపితే బ్యాటరీ చేతికొస్తుంది. పక్కన ఒక చిన్న మూత, ఒకటో రెండో స్క్రూలు, లోపల ర్యామ్. ఎవరైనా మార్చుకోగలరు. 2008 జనవరిలో స్టీవ్ జాబ్స్ ఆఫీసు కవరులోంచి మ్యాక్‌బుక్ ఎయిర్ తీసి చూపించాడు. అందులో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంది. బ్యాటరీకి గొళ్లెం లేదు. 2012 రెటీనా మ్యాక్‌బుక్ ప్రోలో బ్యాటరీని జిగురుతో అంటించారు. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. అతికించిన ర్యామ్ తక్కువ కరెంటు తాగుతుంది, యంత్రం పలచగా ఉంటుంది. అది నిజమైన లాభమే. కానీ 8 జీబీతో కొన్న విద్యార్థికి మూడో ఏడాది 16 జీబీ కావాల్సి వస్తే యంత్రమంతా మార్చాలి. అప్పు చేసి కొనే ఇళ్లలో ఇది చిన్న విషయం కాదు.

డెస్క్‌టాప్ కూడా ఈ గాలి నుంచి తప్పించుకోలేదు. 2020 నవంబరులో యాపిల్ ఒకే ఎం1 చిప్‌ను మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనూ, బల్ల మీద పెట్టుకునే మ్యాక్ మినీలోనూ పెట్టింది. మెమరీ చిప్‌తో పాటే వచ్చింది. బల్ల మీదున్నా పెంచుకోలేం.

2020 మార్చి లాక్‌డౌన్‌లో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఉద్యోగుల ఇళ్లకు డెస్క్‌టాప్‌లను వ్యాన్లలో పంపించాయి. ఇంటి నుంచి పనిపై ఉన్న నిబంధనలను టెలికాం శాఖ సడలించింది కూడా. కదలని యంత్రాన్ని కదిలించడం ఎంత కష్టమో ఆ వారాల్లో అందరికీ తెలిసింది. ఆ తర్వాత రెండేళ్లు డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నవాళ్లకు ఇంకో సంగతీ తెలిసింది. తెర, కీబోర్డు అతుక్కుని ఉన్న యంత్రంలో చేతులకు సరైన ఎత్తు మెడకు సరికాదు. విడిగా కీబోర్డు కొని, ల్యాప్‌టాప్‌ను స్టాండ్ మీద పెడితే నొప్పి తగ్గుతుంది.

శక్తి విషయంలో పేర్లను నమ్మకూడదు. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ కార్డుకు 450 వాట్లు, 24 జీబీ మెమరీ. అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేది వేరే చిప్. మెమరీ 16 జీబీ, కరెంటు సగం కంటే తక్కువ. ల్యాప్‌టాప్ బ్యాటరీకీ హద్దుంది: విమానంలో ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగేది 100 వాట్ అవర్ల వరకే. పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు 99 దగ్గర ఆగిపోవడానికి కారణం అదే.

చదువు కోసం ఊరు మారే పిల్లలకు, ఆఫీసుకూ ఇంటికీ మధ్య పని మోసుకెళ్లేవాళ్లకు ల్యాప్‌టాప్ తప్ప మార్గం లేదు. ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర పనిచేసే డీటీపీ, వీడియో ఎడిటింగ్, అకౌంట్లు, ఇంటి ట్యూషన్లకు అసెంబుల్డ్ డెస్క్‌టాప్ నేటికీ మేలు. అదే డబ్బుకు ఎక్కువ పని చేస్తుంది, ఎక్కువ ఏళ్లు బతుకుతుంది. ల్యాప్‌టాప్ మూసుకుపోవడం సాంకేతికంగా తప్పని విధి అనడాన్ని నేను ఒప్పుకోను. ఫ్రేమ్‌వర్క్ అనే కంపెనీ 2021 నుంచి మదర్‌బోర్డుతో సహా మార్చుకోగల పలుచటి ల్యాప్‌టాప్‌లు అమ్ముతోంది. తక్కువ కరెంటు ర్యామ్‌ను స్క్రూలతో బిగించే క్యామ్2 ప్రమాణం కూడా వచ్చింది. 2027 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్యలో బ్యాటరీ వినియోగదారుడు మార్చుకోగలిగేలా ఉండాలి. మన వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది గానీ, ఇక్కడ అలాంటి చట్టం ఇంకా కావాలి.

అంతవరకు కౌంటరు దగ్గర అడగండి. ర్యామ్‌కు ఖాళీ స్లాట్ ఉందా? ఎస్‌ఎస్‌డీ మార్చవచ్చా? బ్యాటరీ స్క్రూలతో ఉందా, జిగురుతో ఉందా? స్పెసిఫికేషన్ కాగితంలో మెమరీ పక్కన 'ఆన్‌బోర్డ్' అని మాత్రమే ఉండి స్లాట్ ప్రస్తావన లేకపోతే, అది మదర్‌బోర్డుకే అతికించి ఉందని అర్థం. అలాంటిది కొనేటప్పుడు ఇప్పటి అవసరానికి కాకుండా ఐదేళ్ల అవసరానికి సరిపడా తీసుకోండి.