అయస్కాంతపు రేణువులు, ఉద్దానం నీళ్లు

నీళ్లలో కరిగిపోయిన లోహం కంటికి ఆనదు, గుడ్డతో వడగడితే ఆగదు. దాన్ని ఏదో ఒక పొడికి అంటించి, ఆ పొడిని బయటికి తీయాలి. ఇనుప తుప్పుకు ఆర్సెనిక్, సీసం అంటుకుంటాయన్నది రసాయన శాస్త్రంలో పాత సంగతే. చిక్కల్లా పొడిని తీయడంలో ఉంది.

ఆ పని అయస్కాంతానికి అప్పగించిన తొలి సంస్థల్లో ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ ఒకటి. 1970ల్లో అక్కడ రూపుదిద్దుకున్న ‘సైరోఫ్లాక్’ పద్ధతిలో మాగ్నెటైట్ అనే ఇనుప ఆక్సైడు పొడికి నీటిలోని రంగు, మట్టి పట్టేవి. పొడిని అయస్కాంతంతో చేరదీసి, క్షారంతో కడిగి మళ్లీ వాడేవారు. ఆ గింజ మైక్రాన్ల కొలతది. 1981లో ఫ్రాన్సులో రెనే మసార్ ఇనుప లవణాల నుంచి నానోమీటర్ల రేణువులు చేసే తేలిక దారి చూపాడు. రేణువు తగ్గేకొద్దీ అదే బరువుకు ఉపరితలం పెరుగుతుంది, లోహం ఎక్కువ పడుతుంది. అయితే అంత చిన్నదాన్ని లాగడానికి భారీ అయస్కాంతాలు కావాలనే అనుకున్నారు.

2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో విక్కీ కాల్విన్ బృందం ఆ లెక్క తప్పని తేల్చింది. సుమారు 12 నానోమీటర్ల మాగ్నెటైట్ రేణువులు ఆర్సెనిక్‌ను పట్టాక మామూలు అయస్కాంతానికే వచ్చేశాయి. దగ్గర్లో అయస్కాంతం ఉంటే రేణువులు ఒకదాన్నొకటి లాక్కుని గుంపు కడతాయి, తీసేస్తే విడిపోతాయి. మరుసటి ఏడాదే మరో బృందం గంధకం ఉన్న పూత వేసిన రేణువులతో పాదరసం, సీసం, కాడ్మియం తీయగలిగింది.

మరి శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానానికి ఇది పనికొస్తుందా? కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు మాట మూడు దశాబ్దాలుగా వినబడుతోంది. సిలికా అన్నారు, సీసం అన్నారు, పురుగుమందులన్నారు. ఒకరి ఫలితంతో ఇంకొకరిది పొసగలేదు, కారణం నేటికీ తేలలేదు. దోషి ఎవరో తేలకుండా పొడి చల్లితే జబ్బు ఆగుతుందా? పైగా సిలికా ఎక్కువున్న నీళ్లలో ఇనుప రేణువు మీది చోటును సిలికాయే ఆక్రమించి ఆర్సెనిక్‌కు అడ్డుపడుతుంది. పట్టిన లోహాన్ని కడిగిన నీళ్లు ఎక్కడ పారబోయాలన్నదీ తేలాలి. ఆర్ఓ ప్లాంటు వదిలే నీటితోనూ ఇదే తంటా. ప్రభుత్వం చివరికి వేరే దారి పట్టింది. హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీటిని గొట్టాల్లో తెచ్చే, సుమారు 700 కోట్ల రూపాయల పథకాన్ని 2023 డిసెంబరులో పలాసలో ప్రారంభించారు. నా మటుకు నాకు అది సబబే అనిపిస్తుంది.

అయినా ఈ రేణువులకు ఇక్కడ పని లేకపోలేదు. 1999లో చెక్ శాస్త్రజ్ఞులు సఫారికోవా, సఫారిక్ అయస్కాంతపు రేణువులను శుద్ధికి కాక పరీక్షకు వాడే పద్ధతి ప్రకటించారు. ఎక్కువ నీళ్లలో పలుచగా చెదిరి ఉన్న పదార్థాన్ని రేణువులతో పోగుచేసి, కొద్దిపాటి ద్రవంలోకి దించి కొలుస్తారు. తర్వాత లోహాల జాడ పట్టడానికీ ఇదే వాడారు. నేను అడిగేది ఇంతే: తాగేది నది నీరైనా, ఉద్దానం నూతులనూ బోర్లనూ ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి, ఏటా ఒకే పద్ధతిలో ఇలా కొలవాలి.