ఓడ అడుగున అరిగిపోయే జింకు దిమ్మె

ఈ వారం ఎపిసోడ్ వినడానికి టైం దొరకని వాళ్ల కోసం అదే కథ ఇక్కడ రాస్తున్నాం.

డ్రై డాక్‌లో పనిచేసే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఓడ అడుక్కి రంగు వేసేముందు జింకు దిమ్మెలకి టేపు చుట్టమంటారు. వాటి మీద రంగు పడితే ఫోర్‌మన్ అరుస్తాడు. ఓడంతా రంగు వేసి వాటినెందుకు వదిలేస్తాం?" జవాబు కావాలంటే రెండున్నర శతాబ్దాలు వెనక్కి పోవాలి.

అప్పట్లో ఓడలు చెక్కవి. సముద్రపు పురుగు ఆ చెక్కని తొలిచేసేది. నాచు, గుల్లలు పట్టి ఓడ వేగం తగ్గేది. 1761లో బ్రిటిష్ నౌకాదళం అలారం అనే ఓడ అడుగుకి పల్చటి రాగి రేకులు తొడిగించింది. ఓడ వెస్టిండీస్ వెళ్లొచ్చింది. 1763లో చూస్తే రాగి బాగానే ఉంది, పురుగు బాధ లేదు. కానీ రాగికి తగులుతున్న ఇనుప మేకులు చాలాచోట్ల తినేసి ఉన్నాయి. విచిత్రం ఏంటంటే, రేకులకి చుట్టి వచ్చిన గోధుమరంగు కాగితం కొన్నిచోట్ల అలాగే ఉండిపోయింది. ఆ కాగితం అడ్డున్న చోట మేకులకి ఏమీ కాలేదు. రెండు లోహాలు ఒకదానికొకటి తగలకూడదని అర్థమైంది. ఎందుకో మాత్రం తెలియలేదు.

ఆ ఎందుకుకి దారి 1800లో దొరికింది. ఇటలీలో వోల్టా వెండి బిళ్ల, జింకు బిళ్ల, మధ్యలో ఉప్పునీటిలో తడిపిన అట్ట, ఇలా ఒకదానిమీదొకటి పేర్చి కరెంటు పుట్టించాడు. రెండు వేరువేరు లోహాలు, మధ్యలో ఉప్పునీళ్లు, రెండింటినీ కలిపే దారి. ఇంతే బ్యాటరీ అంటే. అలారం ఓడ అడుగున కూడా ఎవరికీ తెలియకుండా తయారైంది ఇదే.

ఏ లోహం కరుగుతుంది, ఏది మిగులుతుంది అన్నదానికి ఒక వరస ఉంది. దాన్నే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ అంటాం. తర్వాతి కాలంలో హైడ్రోజన్‌ని సున్నాగా పెట్టుకుని కొలిస్తే రాగి +0.34 వోల్టులు, ఇనుము -0.44, జింకు -0.76 వచ్చాయి. అంకె ఎంత కిందికి ఉంటే ఆ లోహం అంత తేలిగ్గా ఎలక్ట్రాన్లు వదిలి తాను కరిగిపోతుంది. రాగి, ఇనుము జత కలిస్తే ఇనుము పోతుంది. ఇనుము, జింకు కలిస్తే జింకు పోతుంది, ఇనుము మిగులుతుంది.

ఈ గుణాన్నే కావాలని వాడుకోవచ్చని చూపించినవాడు హంఫ్రీ డేవీ. సముద్రపు నీళ్లు రాగి రేకుల్ని కూడా మెల్లగా తినేస్తున్నాయి, మందు చెప్పమని నౌకాదళం అడిగింది. 1824లో ఆయన జవాబు చెప్పాడు: బఠాణీ గింజంత జింకు ముక్క తగిలిస్తే 40, 50 చదరపు అంగుళాల రాగి భద్రంగా ఉంటుంది. సమరాంగ్ అనే యుద్ధనౌకకి పోత ఇనుప దిమ్మెలు బిగించి పంపారు. లెక్క తప్పలేదు, రాగి నిలిచింది.

కానీ ఓడలు నాచు, గుల్లలు పట్టి నెమ్మదించడం మొదలైంది. రాగి కొంచెం కొంచెం కరుగుతూ వదిలే విషమే అంతకాలం గుల్లల్ని దగ్గరికి రానివ్వలేదు మరి! రాగి కరగడం ఆపితే ఆ కాపలా కూడా ఆగిపోయింది. కొన్నేళ్లకే ఆ దిమ్మెలు పీకేశారు. డేవీ 1829లో చనిపోయాడు, తన ఉపాయం గెలవడం చూడలేదు.

తర్వాత ఇనుప ఓడలు, ఉక్కు ఓడలు వచ్చాయి. ఉక్కు కరిగితే ఏ లాభమూ లేదు, నష్టమే. పైగా వెనక కంచు ప్రొపెల్లర్, దాని పక్కనే ఉక్కు, చుట్టూ ఉప్పునీళ్లు. మళ్లీ అదే బ్యాటరీ. అప్పుడు డేవీ దిమ్మె బాగా పనికొచ్చింది. 1928లో న్యూ ఆర్లీన్స్‌లో రాబర్ట్ కూన్ అనే ఇంజనీరు నేలలో పాతిన గ్యాస్ పైపుకి బయటినుంచి కరెంటు ఇచ్చి ఇదే పని చేయించాడు. పైప్‌లైన్ పక్కన టెస్ట్ స్తంభం దగ్గర మీటరు పట్టుకుని రీడింగ్ తీసేవాళ్లని మనలో చాలామంది చూసే ఉంటారు. వాళ్లు చూసుకునే -0.85 వోల్టుల గీత ఆయన పనినుంచి వచ్చిందే.

ఇప్పుడు తమ్ముడికి జవాబు. రంగు వేస్తే జింకుకి నీళ్లు తగలవు. నీళ్లు తగలకపోతే అది కరగదు. అది కరగకపోతే ఓడ కరుగుతుంది. నీ టేపు ఆ ఉక్కునంతా కాపాడుతోంది, తమ్ముడూ.

ఒక మాట. ఇంటికోసం దూరంగా ఉండి మెల్లగా అరిగేవాళ్లం మనమూ ఉన్నాం. కానీ ఆ దిమ్మె పూర్తిగా అయిపోయేదాకా ఎవరూ ఊరుకోరు. ఓడ డాక్‌కి వచ్చినప్పుడల్లా ఎంత మిగిలిందో చూస్తారు, తరిగితే కొత్తది పెడతారు. మన ఒంటిని చూసేందుకు ఫోర్‌మన్ రాడు. బీపీ, షుగర్ మనమే చూపించుకోవాలి. సెలవు దొరికితే వాయిదా వేయకుండా ఇంటికి పోయిరావాలి.

ఉంటాం మరి. డ్యూటీకి జాగ్రత్తగా వెళ్లిరండి.