దండగ
"మా సైటుకి దండగ పడిందండి" అన్నాడు కడియంలో మొక్కలమ్మే కుర్రాడొకడు. పెనాల్టీ అనకుండా ఆ మాటెందుకు వాడాడో గానీ, పాత అర్థం చెక్కుచెదరకుండా వాడాడు. సంస్కృతంలో దండమంటే కర్ర. కర్ర రాజు చేతిలోది గనక శిక్ష అయింది, శిక్ష సొమ్ములోకి మారి తెలుగులో దండుగ అయింది. కట్టిన సొమ్ముకి చేతికొచ్చేదేమీ ఉండదు కాబట్టి వృథా ఖర్చంతా దండగే, పనికిరానివాడు దండగమారి. తమిళుల తండం, కన్నడిగుల దండ కూడా ఇదే దారి పట్టాయి. పారసీ జరిమానా వచ్చి చోటు ఆక్రమించాక మనకు ఎక్కువగా వృథా అన్న అర్థమే మిగిలింది. ఆ కుర్రాడి వెబ్‌సైటులో మాత్రం శిక్ష, వృథా రెండూ కలిశాయి. రావులపాలెంలో మామిడి అంట్లు, రాజోలులో మామిడి అంట్లు, అమలాపురంలో మామిడి అంట్లు అంటూ ఊరిపేరు తప్ప అక్షరం మారని పేజీలు. గూగుల్ పరిభాషలో ఇవి డోర్‌వే పేజీలు. నేనైతే దండగ పేజీలంటాను. వీటికి గూగుల్ వేసే శిక్షకి సొమ్ము కట్టక్కర్లేదు, వెతికితే సైటు కనబడదంతే. బయటపడాలంటే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో మాన్యువల్ యాక్షన్ కింద తప్పేమిటో చూసుకుని, ఆ పేజీలు పీకేసి, కొన్న లింకులుంటే తీయించి, లొంగనివాటిని లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కి చెప్పే, 2012లో వచ్చిన డిసవౌ పనిముట్టుకి అప్పగించి, ఏం సరిచేశామో రాసి పునఃపరిశీలన కోరాలి. జవాబుకి రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. అలా అర్జీ పెట్టుకునే వైఖరికి ఇదే కుటుంబంలో ఇంకో మాటుంది: దండం. కర్రలా నేలమీద సాగిలపడటం దండప్రణామం. చేతులు జోడించినా దండమే. రాత్రికిరాత్రి ర్యాంకు తెచ్చేస్తామని డబ్బడిగేవాళ్లకి పెట్టాల్సిందీ అదే.