బాలసాహిత్యం – భావోద్వేగ శిక్షణ (ముంబై తెలుగు పిల్లలు)

తన కోపాన్ని తాను గుర్తుపట్టడం, ఎదుటివాడి బాధ గ్రహించడం, తగవును మాటలతో తీర్చుకోవడం వంటి సామాజిక, భావోద్వేగ నైపుణ్యాలను చిన్న తరగతుల్లో కథల ద్వారా అలవరచే బోధనా పద్ధతి ఇది. నిజాం రాష్ట్రం నుంచి కట్టడం పనులకు వలసవెళ్ళిన కామాఠీల పేరనే వెలసిన కామాఠీపుర, తమిళ, తెలుగు, మరాఠీ, ఉర్దూ కుటుంబాలు గోడకు గోడ ఆనించి బతికే ధారావి ఈ పద్ధతికి గట్టి పరీక్ష పెడతాయి. ముంబై నగరపాలక సంస్థ ఎనిమిది భాషా మాధ్యమాల్లో బడులు నడిపింది. వాటిలో తెలుగు ఒకటి. అయితే పుస్తకం చదివి వినిపించినంత మాత్రాన గుణం అబ్బదు. ఎలాంటి కథ ఎంచుకున్నారు, దాని మీద పిల్లల్ని ఏ భాషలో మాట్లాడించారు అన్నవే ఫలితాన్ని తేలుస్తాయి.

మనకు అలవాటైన నీతికథ భయపెట్టి బుద్ధి చెబుతుంది. టొరంటో పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, వెనక ఉన్న బొమ్మను తొంగిచూడొద్దని మూడు నుంచి ఏడేళ్ళ పిల్లలకు చెప్పి ఒంటరిగా వదిలారు. తరవాత కథ వినిపించి, చూశావా అని అడిగారు. మన ‘నాన్నా పులి’కి సాటి వచ్చే తోడేలు కథ విన్నవాళ్ళలో నిజాయితీ పెరగలేదు; తప్పు ఒప్పుకున్న బాలుణ్ణి తండ్రి మెచ్చుకునే జార్జ్ వాషింగ్టన్ చిన్ననాటి కథ విన్నవాళ్ళలో పెరిగింది. ఆ లెక్కన అనంతామాత్యుని భోజరాజీయంలోని ఆవు–పులి కథ మేలు: మాట నిలుపుకున్న ఆవును అక్కడ పులి వదిలేస్తుంది. అయితే టొరంటోలోనే జరిగిన మరో అధ్యయనంలో, పంచుకోవడం గురించి మనుషుల కథ విన్న పిల్లలు తమ స్టిక్కర్లను ఎక్కువగా పంచారు; జంతువుల కథకు ఆ ఫలితం రాలేదు.

పంచతంత్రంతో తరాలు పెరగలేదా అంటారు. పెరిగాయి, కానీ పక్కన కూర్చుని ఊఁ కొట్టించే నాయనమ్మ ఉండేది. చాల్‌లో ఒంటిగది కాపురానికి ఆ తీరిక అరుదు. టొరంటో ప్రయోగాలు చిన్నవి, ధారావికి అచ్చంగా అతకవన్న అభ్యంతరం సబబే. అందుకే పాత్రలు ఈ పిల్లల బతుకులోంచి రావాలి: నల్లా దగ్గర వంతు తప్పించి బిందె పెట్టిన పిల్ల ఎందుకలా చేసింది, వెనకున్నవాళ్ళకు ఏమనిపించింది? ఇక బతుకుదెరువుకు ఇంగ్లీషు, మరాఠీ చాలవా అనే ప్రశ్న. చదువుకు చాలవచ్చు, కానీ ఆరేళ్ళ పిల్ల అలకను, ఉక్రోషాన్ని ఇంటిభాషలోనే ముందు చెప్పగలదు. తెలుగు కథతో మొదలుపెట్టడం మిగతా భాషలకు అడ్డు కాదు. కొరత పుస్తకాలదే, దానికీ దారి ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ వేదికలో ఉపాధ్యాయులెవరైనా తెలుగు కథలు ఉచితంగా తీసుకోవచ్చు, అనువదించవచ్చు, తమ గల్లీ కథను కొత్తగా రాసి పెట్టవచ్చు.