రోమియో మస్ట్ డై: రెండు వాడల పగ, తెరమీదికి రాని ముద్దు

'రోమియో మస్ట్ డై' 2000 మార్చిలో అమెరికాలో విడుదలైన మార్షల్ ఆర్ట్స్ సినిమా. నిర్మాత జోయెల్ సిల్వర్. అప్పటిదాకా ఛాయాగ్రాహకుడిగా పేరున్న ఆంద్రే బార్ట్‌కోవియాక్‌కు దర్శకుడిగా ఇది తొలి చిత్రం. చైనా నటుడు జెట్ లీ, నల్లజాతి గాయని ఆలియా నాయకానాయికలు. 'రోమియో అండ్ జూలియట్'లోని వైరి కుటుంబాల కథను కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ రేవుకు తెచ్చారు. మతం, కులం దాటిన ప్రేమలకు ప్రాణాలు మూల్యంగా చెల్లిస్తున్న చోట బతుకుతున్న మనం, ఈ కథలో ఎవరు ఎవర్ని చంపారో గమనించాలి.

కథ

రేవు ఒడ్డు స్థలాల కోసం రెండు ముఠాలు పోటీ పడుతుంటాయి. నల్లవాళ్ల ముఠాకు ఐజాక్ ఓడే, చైనీయుల ముఠాకు చూ సింగ్ పెద్దలు. చూ సింగ్ కొడుకు పో హత్యకు గురవుతాడు. మరో కొడుకు హాన్, తండ్రిని కాపాడటానికి నేరం తన మీద వేసుకుని హాంకాంగ్ జైల్లో ఉంటాడు. సోదరుడి చావు కబురు విని జైలు నుంచి తప్పించుకొస్తాడు. తండ్రి వ్యాపారానికి దూరంగా బట్టల దుకాణం నడుపుకునే ఐజాక్ కూతురు ట్రిష్‌తో అతనికి పరిచయమవుతుంది. ఆమె సోదరుడు కోలిన్ కూడా హత్యకు గురవుతాడు.

పగవాళ్లే చంపారని రెండు వైపులా నమ్ముతారు. నిజం వేరు. కోలిన్‌ను చంపింది ఐజాక్ కుడిభుజం మాక్. పోను చంపింది చూ సింగ్ అనుచరుడు కాయ్, అదీ ఆ తండ్రికి తెలిసే.

భూమి ఎవరికి?

ఆ స్థలాలు చివరికి చేరాల్సింది విన్సెంట్ రోత్ అనే తెల్ల వ్యాపారికి. అక్కడ స్టేడియం కట్టాలన్నది పథకం. నెత్తురు ఈ రెండు వాడలది, లాభం మూడోవాడిది. సినిమాలో అన్నిటికంటే పదునైన విషయం ఇదే. అయితే దర్శకుడు దీన్ని తడిమి వదిలేసి పోరాట దృశ్యాల వైపు వెళ్లిపోతాడు.

ఓక్‌లాండ్ చరిత్రను కూడా సినిమా పట్టించుకోలేదు. బ్రూస్ లీ 1964లో కుంగ్‌ఫూ బడి పెట్టింది ఈ ఊళ్లోనే. 1966లో బ్లాక్ పాంథర్ పార్టీ పుట్టిందీ ఇక్కడే. 1972లో బొంబాయిలో మన దళిత పాంథర్లు పేరు తెచ్చుకున్నది ఆ పార్టీ నుంచే. 1970ల్లో అమెరికా నగరాల్లో కుంగ్‌ఫూ సినిమాలను నల్లజాతి యువత తమవిగా చేసుకుంది. 1973 నాటి 'ఎంటర్ ది డ్రాగన్'లో బ్రూస్ లీతో పాటు నల్లజాతి కరాటే వీరుడు జిమ్ కెల్లీ కూడా నిలబడ్డాడు. ఇంత స్నేహం ఉన్న చోట సినిమాకు పగ ఒక్కటే కనిపించింది.

తీసేసిన ముద్దు

చివర్లో హాన్, ట్రిష్ ముద్దు పెట్టుకునే దృశ్యం తీశారు. ముందస్తు ప్రదర్శనలో ప్రేక్షకులు ఇబ్బంది పడ్డారని దాన్ని తొలగించినట్టు తర్వాత వార్తలొచ్చాయి. ఇప్పుడు తెరమీద మిగిలింది కౌగిలింత మాత్రమే. నల్ల, తెల్ల జాతుల మధ్య ప్రేమను తెరపై నిషేధించిన హాలీవుడ్ నియమావళి ఎప్పుడో పోయింది. జాత్యంతర వివాహాలపై నిషేధాలను 1967లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. ఎముకలు విరగడాన్ని ఎక్స్‌రేలో చూపించిన సినిమాలో ఒక ముద్దుకు మాత్రం చోటు దొరకలేదు.

ఇంకో దృశ్యాన్నీ ప్రశ్నించాలి. తనతో తలపడిన స్త్రీని కొట్టడం ఇష్టంలేక హాన్, ట్రిష్ చేతులూ కాళ్లూ పట్టుకుని ఆమెచేత కొట్టిస్తాడు. చూడటానికి సరదాగానే ఉంటుంది. కానీ ఆ కాసేపు ఆమె ఒళ్లు అతని చేతిలో ఆయుధం.

మనకేమిటి?

పోలికకు హద్దుంది. ఈ సినిమాలో రెండు సమూహాలూ తెల్ల ఆధిపత్యం కిందివే. కులం మెట్ల వరస, అక్కడ పగ ఇద్దరి మధ్య సమానంగా ఉండదు. దళిత యువకుణ్ని ప్రేమించిన అమ్మాయి తండ్రి అతని మీద కత్తి కట్టడాన్ని 'వైరం' అనలేం. మనకు 1954 నుంచి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, అయినా 2018లో మిర్యాలగూడ చూశాం.

కులాంతర వివాహమే అసలు మందు అని అంబేడ్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పారు. ఆ పెళ్లిళ్లను అడ్డుకునే శాస్త్రాల మీద నమ్మకం పోవాలని కూడా అక్కడే చెప్పారు. రెండో మాట మనం తరచూ మరిచిపోతాం. హాన్, ట్రిష్ బతికి బయటపడతారు కానీ, వాళ్లను కలిసి చూడలేని కళ్లు హాల్లోనే మిగిలిపోయాయి. సినిమా చూసి చర్చ పెట్టే మిత్రులు అక్కణ్నుంచి మొదలుపెడితే బాగుంటుంది.