ప్రాణవాయువు – మోసే రక్తం

కరోనా నాటి నుండి మన ఇళ్లలో చాలామటుకు వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు ఉంటోంది. 98 చూపిస్తే నిశ్చింతగా ఉంటున్నాం. ఆ సందర్భంగా ప్రాణవాయువు చరిత్ర కొంత మనవి చేస్తున్నాను.

ఇంగ్లండులో ప్రీస్ట్‌లీ 1774లో ఈ వాయువును వేరుచేశాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చిన సైనికుల కోసం హాల్డేన్ 1917లో కొలత ప్రకారం ఆక్సిజన్ అందించే సాధనం రూపొందించాడు. ఉక్కు తయారీకీ ఇదే వాయువు కావాలి. అందుకే 2021 ఏప్రిల్ 22న మన పొరుగునున్న విశాఖ ఉక్కు కర్మాగారం నుండి 7 ట్యాంకర్లతో ఆక్సిజన్ రైలు మహారాష్ట్రకు బయలుదేరింది.

అయితే ఆక్సిజన్‌ను మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది 15 గ్రాములుంటే 100 మి.లీ. రక్తం సుమారు 20 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది; 3 గ్రాములే ఉంటే 4 మి.లీ. మాత్రమే. 1974లో జపాను ఇంజనీరు అయోయాగి కనిపెట్టిన పద్ధతితో పనిచేసే మన మీటరు ఈ తేడా చెప్పదు. పదిహేను మంది ఉండవలసిన ఆఫీసులో ముగ్గురే ఉండి, ముగ్గురూ వస్తే హాజరు నూటికి నూరే గాని పని సాగుతుందా?

అంతటి రక్తహీనతలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పట్టిస్తే రక్తద్రవంలో కరిగి మరో 2 మి.లీ. వరకు చేరుతుంది. రక్తం ఎక్కించేలోగా అది గొప్ప ఆసరా, అంతే. అసలు లోటు తీర్చవలసిందే. మన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం అటువంటి లోటునొకదాన్ని తీర్చే మందు. మన్యం గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ వ్యాధికి వేరే వైద్యం అవసరం.

ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే సెప్సిస్‌లో సంగతి వేరు. ఫ్రాన్సులో సెప్టిక్ షాక్‌తో వెంటిలేటర్ మీదున్న కొందరికి మొదటి 24 గంటలు పూర్తి ఆక్సిజన్ ఇచ్చి చూశారు. 28 రోజుల్లో వారిలో నూటికి 43 మంది, కొలతగా ఇచ్చినవారిలో 35 మంది మరణించారు. ఆ తేడా గణాంకాల ప్రకారం ఖాయం కాకపోయినా, ప్రమాదం శంకించి పరిశోధన మధ్యలోనే ఆపారు. ఫలితాలు 2017లో వెలువడ్డాయి.

కాబట్టి నా మనవి: మీటరు 98 చూపుతున్నా ఆయాసం, నిస్త్రాణ ఉంటే డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఆసుపత్రిలో "ఆక్సిజన్ ఇంకా పెంచండి" అని ఒత్తిడి చేయకండి. అది కూడా మందే; మోతాదు వైద్యులు నిర్ణయించాలి.