హోటల్లో విన్న ఒక్క మాట

తెల్లవారుజామున నాలుగు గంటలు. ఊరింకా నిద్రలోనే ఉంది. లక్ష్మీకాంతమ్మ గారు లేచి, నూనె దీపం వెలిగించి, పిల్లవాణ్ని తట్టి లేపేవారు. ఆ వేళ మనసు తేటగా ఉంటుందని, అప్పుడు చదివింది ఒంటబడుతుందని ఆవిడ నమ్మకం. కళ్లు నులుముకుంటూ దీపం ముందు కూర్చున్న ఆ పిల్లవాడు ఆవిడకు ఎనిమిదో సంతానం. దేవకీదేవికి ఎనిమిదో గర్భాన కృష్ణుడు పుట్టాడు కదా, అందుకే ఇతనికి రాధాకృష్ణ అని పేరు పెట్టుకున్నారు. ఇంటిపేరు కల్యంపూడి.

తండ్రి దొరస్వామినాయుడు గారు పోలీసు ఇన్‌స్పెక్టరు. బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే సామాను సర్దాల్సిందే. 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్లారి జిల్లా హూవిన హడగళిలో పుట్టిన రాధాకృష్ణ చదువు ఆ బదిలీల వెంటే నడిచింది. గూడూరులో కొన్నాళ్లు, నూజివీడులో కొన్నాళ్లు, నందిగామలో కొన్నాళ్లు. బడి మారినప్పుడల్లా కొత్త మాస్టార్లు, కొత్త స్నేహితులు. మారనివి రెండే: అమ్మ వెలిగించే దీపం, నాన్న చేయించే లెక్కలు.

ఈ రోజు హైవే మీద జగ్గయ్యపేట దాటి నందిగామ మీదుగా బెజవాడ వెళ్లే బస్సుల్లో స్టీలు టిఫిను డబ్బాలు, బరువు సంచులతో కాలేజీ పిల్లలు కనిపిస్తారు. ప్రపంచ గణాంకశాస్త్రాన్ని మలుపు తిప్పిన సి.ఆర్. రావు ఈ పిల్లవాడేనని, చిన్నతనంలో మన నందిగామ బడిలో చదువుకున్నాడని వాళ్లలో ఎందరికి తెలుసు? వాళ్లకు తెలియాలనే ఈ గాథ.

కలకత్తా వీధుల్లో

తండ్రి ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. అక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఆ తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాధాకృష్ణ గణితంలో మొదటి స్థానంలో నిలిచాడు. పరిశోధన చేయాలని ఉంది. స్కాలర్‌షిప్ మాత్రం దొరకలేదు. బయట రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో లెక్కలు తెలిసినవాళ్లు కావాలంటే కలకత్తాకు రైలెక్కాడు. ఆ ఉద్యోగమూ రాలేదు.

ఒక్కసారి ఆ యువకుడి చోట నిలబడి చూడండి. ఇరవై ఏళ్ల వయసు. చేతిలో ఫస్ట్ క్లాస్ పట్టా. తెలియని మహానగరం. వచ్చిన పని కాలేదు. ఇక మిగిలింది తిరుగు టికెట్టే.

దక్షిణాదివాళ్లు దిగే హోటల్లో అతనికి ఒకాయన పరిచయమయ్యాడు. ఇక్కడే స్టాటిస్టిక్స్‌లో శిక్షణ పొందుతున్నానని, ప్రశాంత చంద్ర మహలనోబిస్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసరు దాని కోసం ఒక సంస్థ నడుపుతున్నారని చెప్పాడు. 1931లో ప్రెసిడెన్సీ కాలేజీలో పురుడు పోసుకున్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అది. రాధాకృష్ణ వెళ్లి చూశాడు, దరఖాస్తు పెట్టాడు. 1941 జనవరి 1న అందులో చేరాడు.

అదే ఏడాది కలకత్తా విశ్వవిద్యాలయం స్టాటిస్టిక్స్‌లో ఎం.ఏ. ప్రారంభించింది. ఆ తొలి జట్టులో చదివి, 1943లో బంగారు పతకంతో బయటికొచ్చాడు.

ఆ రాత్రి

1944. ఇప్పుడతను తరగతి గదిలో బల్లకు ఇవతలి వైపు ఉన్నాడు. పాఠం ఇంగ్లండుకు చెందిన ఆర్.ఎ. ఫిషర్ సిద్ధాంతం గురించి. పరిశీలనలు లెక్కకు మించి ఉన్నప్పుడు మన అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే ఫలితం అది. విద్యార్థుల్లోంచి వి.ఎం. దండేకర్ లేచాడు. తర్వాతి కాలంలో దేశం గర్వించిన ఆర్థికవేత్త ఆయనే. పరిశీలనలు కొద్దిగానే ఉన్నప్పుడు కూడా ఇలాంటి ఫలితాన్ని రుజువు చేయలేమా అని అడిగాడు.

మాస్టారి దగ్గర జవాబు లేదు. ప్రశ్నను ఇంటికి మోసుకెళ్లాడు. నాలుగింటికి లేచి లెక్కల ముందు కూర్చోవడం చిన్ననాటి నుంచీ అలవాటైన మనిషి ఆ రాత్రి అసలు పడుకోనే లేదు. తెల్లారేసరికి రుజువు చేతిలో ఉంది. మర్నాడు అదే తరగతికి వెళ్లి చెప్పాడు.

1945లో కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో అది వ్యాసంగా వచ్చింది. రచయిత వయసు పాతికేళ్ల లోపే. స్వీడన్‌లో హరాల్డ్ క్రామర్ వేరే దారిలో అక్కడికే చేరాడు. అందుకే ప్రపంచమంతా దాన్ని ‘క్రామర్–రావు హద్దు’ అంటుంది. ‘రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం’ కూడా ఆ వ్యాసంలోనే మొలకెత్తింది.

మన పొలంలో ఆ హద్దు

ఈ ఫలితం మనకెందుకు అనుకునేవాళ్లు ఒకసారి నందిగామ, జగ్గయ్యపేట మెట్ట చేలగట్ల మీదికి రండి. ఇక్కడ పంట కోత ప్రయోగం తెలియని రైతు ఉండడు. ఊళ్లో ప్రతి చేనూ కోసి తూచడం ఎవరి తరమూ కాదు. అందుకని కొన్ని సర్వే నంబర్లను ఏ పక్షపాతమూ లేకుండా ఎంచి, కొలిచిన చిన్న మడిలో పంట కోసి తూస్తారు. ఆ కాసింత తూకం నుంచి ప్రాంతమంతటి దిగుబడిని అంచనా కడతారు. పంట బీమా పరిహారం ఆ అంకె మీద ఆధారపడి ఉంటుంది. ఇలాంటి శాంపిల్ సర్వేలను మహలనోబిస్ బృందం 1930ల్లోనే బెంగాల్ జనపనార చేలల్లో మొదలుపెట్టింది.

ఆ అంచనాలో పొరపాటు ఎంత తగ్గించగలం? ఎంత తెలివైన పద్ధతి వాడినా దానికొక హద్దు ఉందని రావుగారి ఫలితం చెబుతుంది. పక్షపాతం లేని ఏ అంచనాలోనైనా, సేకరించిన వివరాల్లో ఉన్న సమాచారం ఎంతో అంతకు మించి కచ్చితత్వం రాదు. మడులు తక్కువ కోసి, సూత్రం గొప్పది వాడాం కాబట్టి అంకె గొప్పదని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదని రైతుకు ధైర్యం చెప్పే గణితం ఇది.

1947లో ఆయన రాసిన ‘ఆర్థోగనల్ ఎరేస్’ సంగతీ అంతే. పదార్థాల పాళ్లు, వేడి, సమయం వంటివి ఎన్నో మార్చి చూడాల్సిన చోట, అన్ని కలయికలూ పరీక్షించకుండా ఎంచిన కొన్నిటితోనే నిజం రాబట్టే పద్ధతి అది. ఫ్యాక్టరీల్లో నాణ్యత పెంచే ప్రయోగాలకు ప్రపంచమంతటా అదే పునాది అయింది.

తలుపు తెరిచి పట్టుకున్న మనిషి

1946లో రావుగారు కేంబ్రిడ్జి వెళ్లి, సూడాన్ తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించారు. ఆ ఫిషర్ దగ్గరే 1948లో డాక్టరేటు పుచ్చుకున్నారు. అక్కడే ఉండిపోవచ్చు. అయినా కలకత్తాకు తిరిగొచ్చి ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన, శిక్షణల బాధ్యత తలకెత్తుకున్నారు. 1959లో పార్లమెంటు చట్టం దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థను చేసింది. సొంతంగా డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. 1972లో మహలనోబిస్ కన్నుమూశాక సంస్థ పగ్గాలూ రావుగారే అందుకున్నారు.

ఆయన దగ్గర పరిశోధన చేసినవాళ్లలో ఎస్.ఆర్. శ్రీనివాస వరదన్ ఒకరు. వరదన్ తన పరిశోధనను వివరిస్తున్నప్పుడు, కలకత్తా వచ్చిన రష్యన్ గణితవేత్త కల్మగోరోవ్ శ్రోతల్లో కూర్చున్నారు. ఆ వరదన్‌కే 2007లో గణితంలో అత్యున్నత పురస్కారాల్లో ఒకటైన ఏబెల్ బహుమతి వచ్చింది. ఇరవై ఏళ్ల కుర్రాడికి తెరుచుకున్న ఒక తలుపు వెనక ఎంతమంది బతుకులు వెలిగాయో చూడండి.

1979లో రావుగారు అమెరికా వెళ్లి మరో మూడు దశాబ్దాలు పనిచేశారు. పద్మవిభూషణ్, అమెరికా నేషనల్ మెడల్ ఆఫ్ సైన్స్ వరించాయి. 2007లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ పరిశోధనల కోసం ఆయన పేరిట ఒక సంస్థ వెలిసింది. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ప్రకటించారు. ఆ ఏడాది ఆగస్టు 22న, 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఎవరు చెబుతారు?

ఈ కథలో నన్ను కుదిపేసేది ఆ హోటల్. అమ్మ దీపం వెలిగించింది, నాన్న లెక్కలు చేయించాడు, అతను కష్టపడ్డాడు. ఇన్ని ఉన్నా, ఆ పూట ఆ పెద్దమనిషి ఎదురుపడకపోతే, ఇక్కడ ఇలాంటి సంస్థ ఉందని చెప్పకపోతే, అతను వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయేవాడేమో. సంభావ్యత గణితానికి ఇంత చేసిన మనిషి జీవితమే ఒక యాదృచ్ఛిక సంఘటన మీద నిలబడింది.

ఇవాళ మన మెట్ట ప్రాంతంలో లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్ల ఇంటర్‌లో చేరగానే ఇంజినీరింగ్ ఒక్కటే దారి అని వింటుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బి.స్టాట్, బి.మ్యాత్ కోర్సులున్నాయని, జాతీయ స్థాయి ప్రవేశ పరీక్షలో నెగ్గితే స్టైపెండుతో చదువుకోవచ్చని ఆమెకు చెప్పేవాళ్లేరీ?

నందిగామలో, జగ్గయ్యపేటలో లెక్కలు చెబుతున్న మాస్టార్లకు నా విన్నపం ఇదే. రేపు క్లాసులో పాఠం అయ్యాక ఐదు నిమిషాలు ఆగండి. మన నందిగామలో చదివిన రాధాకృష్ణ అనే పిల్లవాడి కథ చెప్పి, ఆ సంస్థ పేరు బోర్డు మీద రాయండి. వెనక బెంచీలో ఎవరో ఒకరు దాన్ని నోట్సులో ఎక్కించుకుంటారు.